ఎవరి మెట్టు వాళ్లది

చిత్తూరులో పొద్దున్నే తిరుపతి బస్సెక్కితే సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. పాటలు వినేవాళ్లు వింటారు, రాత్రి సగంలో ఆపిన సినిమా చూసేవాళ్లు చూస్తారు. నా చూపు మాత్రం పాఠాలు వినేవాళ్ల ఫోన్ల మీదికి పోతుంది. నల్లటి తెర మీద రంగురంగుల కోడు, ఒక మూల చిన్న గుండ్రంలో పాఠం చెప్పేవారి మొహం. ఆ పెదాలు కదిలే తీరు చూస్తేనే తెలిసిపోతుంది, వేగం రెండింతలకు పెట్టుకున్నారని. తరచూ నా పక్కన కూర్చునే ఒక అమ్మాయి ఉంది. రేణిగుంట వైపు ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది. బస్సు ఊరు దాటకముందే పాఠం మొదలుపెడుతుంది; చంద్రగిరి వచ్చేసరికి రెండు మూడు వీడియోలు అయిపోతాయి. "ఏమీ రాసుకోవా మ్మా?" అని ఒకసారి అడిగాను. "యాడ రాసేదక్కా, బస్సు ఇట్ల ఊగతా ఉంటే? ఇంటికి పోతే వీలయ్యేది లేదు. ఈడనే చూసేస్తే ఒక పని అయిపోతుంది" అంది. పాపం, ఆమె చెప్పింది నిజమే. కానీ అయిపోయింది ఏమిటి? చూడటమా, నేర్చుకోవడమా? ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది.

నేనూ ఆ బస్సులో పోయే ఉద్యోగినే. ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ లెక్కలు, జీతాల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్ విభాగంలో నా పని. చేరిన రోజుల్లో ఒక సర్వరు గది, ఒక ఒరాకిల్ డేటాబేస్, కొన్ని రిపోర్టులు, ఇంతే మా లోకం. ఇప్పుడు అదంతా క్లౌడ్‌కు తరలిపోతోంది. ప్రోగ్రాములను కంటెయినర్లనే విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపే డాకర్ రావాలంటారు, కుబెర్నెటీస్ రావాలంటారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత, నిన్నటిదాకా పనికొచ్చిన మన పనితనం రేపు కూడా పనికొస్తుందా అన్న దిగులు కొత్తగా చేరింది. అందుకే మా విభాగంలో చిన్నాపెద్దా అందరూ ఏదో ఒకటి నేర్చుకునే పనిలోనే ఉన్నారు. వయసులో పెద్దదాన్నని నన్ను అడుగుతుంటారు: అక్కా, రికార్డు చేసిన కోర్సు కొనుక్కుంటే మేలా, రాత్రి ఎనిమిదికి లైవ్ క్లాసులో చేరితే మేలా, శని ఆదివారాలు బెంగళూరు పోయి రావచ్చా, లేకుంటే మూడు నెలలు సెలవు పెట్టి హైదరాబాదు అమీర్‌పేటలో కూర్చోవాలా? తిరుపతి బాలాజీ కాలనీ గోడల మీద అతికించిన పోస్టర్లలోనూ ఇవే మాటలు ఉంటాయి. ఆన్‌లైన్, ఆఫ్‌లైన్, వీకెండ్ బ్యాచ్. ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు టైం ఉంటుంది, జీతం ఉండదు. మాలాంటి వాళ్లకు జీతం వస్తుంది, టైం ఉండదు. ఇద్దరికీ ఒకే పోస్టరు, ఒకే కోర్సు. అక్కడే ఏదో సరిగా లేదని నాకు మొదటినుంచీ అనిపిస్తుంది.

అమీర్‌పేట అనగానే మా పెద్దమ్మ కొడుకు గుర్తొస్తాడు. 2000 సంవత్సరం దగ్గర పడుతుంటే, తారీఖులో సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ తప్పు లెక్కలు చెబుతాయేమోనని ప్రపంచమంతా కంగారుపడిన రోజులవి. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నవాళ్లకు అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. మా అన్న చిత్తూరులో చేస్తున్న చిన్న ఉద్యోగం మానేసి, నారాయణాద్రి రైలెక్కి హైదరాబాదు పోయాడు. మైత్రీవనం చుట్టుపక్కల బిల్డింగుల్లో తెల్లవారక ముందే మొదలయ్యే బ్యాచ్‌లు, మెట్ల మీద దాకా నిలబడిన పిల్లలు, జిరాక్సు తీసిన మెటీరియల్, మొదటి రోజు ఉచితంగా డెమో. వాడు సెలవుల్లో వచ్చి చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఇప్పుడు తిరిగి ఆలోచిస్తే ఒకటి గమనింపుకు వస్తుంది. వాడి కబుర్లలో క్లాసు గురించి ఉన్నది తక్కువ. మైకు పట్టుకుని ఒకాయన వందలమందికి చెప్పేవాడు. వెనక వరసలో ఎవరున్నారో ఆయనకు తెలిసే వీలే లేదు. వాడు చెప్పిందంతా ఎస్ఆర్ నగర్ రూము గురించే. కంప్యూటరు అద్దెకు తెచ్చుకుని నలుగురూ వంతులేసుకోవడం, ఒకడికి రానిది ఇంకొకడు అన్నం తింటూ చెప్పడం, రాత్రి ప్రోగ్రాం ఆడకపోతే లైటు ఆర్పకుండా కూర్చోవడం. మరి వాడికి చదువు చెప్పింది ఆ క్లాసా, ఆ గదా? రెండూ కావచ్చు. క్లాసు లేకుంటే గది ఉండేది కాదు. గది లేకుంటే మాత్రం క్లాసు అట్లాగే గాలికి పోయేదని నా నమ్మకం. అయితే ఆ గదికి వాడు ఉద్యోగాన్నే ధారపోశాడు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అమ్మానాన్నల మందులు మోసేవాళ్లకు ఆ లెక్క కుదరదు.

ఉద్యోగం వదలకుండా చదవడం మన దగ్గర కంప్యూటర్లతో పుట్టింది కాదు. మా నాన్న చిత్తూరులో ప్రభుత్వ గుమాస్తా. ఎస్సెస్సెల్సీతో ఆగిపోయిన చదువు ఆయనకు ముల్లులాగా ఉండేది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే, ఇప్పుడు డాక్టర్ అంబేద్కర్ పేరుతో ఉంది. ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలిచ్చింది. దాని మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి గారే తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకీ మొదటి ఉపకులపతి అయ్యారు. పుస్తకాలు ఇంటికి వచ్చేవి. కానీ నాన్నకు పుస్తకాల కంటే ఆదివారం ముఖ్యం. స్టడీ సెంటరులో కౌన్సెలింగ్ క్లాసు. ఒక కండక్టరు, ఒక నర్సు, ఇద్దరు టీచర్లు, నాన్న, వీళ్లంతా ఒక బెంచీ వాళ్లు. 'పోయిన వారం ఇచ్చింది రాసినావా అన్నా?' అని ఆ కండక్టరు అడుగుతాడేమోనని శనివారం రాత్రి లాంతరు ముందు కూర్చుని నాన్న రాయడం నాకు బాగా జ్ఞాపకం. దూరవిద్య అని పేరు పెట్టినవాళ్లు కూడా మనిషిని పూర్తిగా ఒంటరిగా వదలలేదు. 1969లో పుట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ టీవీ పాఠాలతో పేరు పొందింది కానీ, లోపల దాన్ని నడిపింది విద్యార్థి రాసిన జవాబులు చదివి, దిద్ది, మాట రాసి పంపే ట్యూటర్లు.

మరి మనం ఇప్పుడు ఏం చేశాం? ప్రపంచంలోని గొప్ప గొప్ప పాఠాలన్నీ ఫోనులోకి తెచ్చాం, ఆ కండక్టరును మాత్రం తీసేశాం. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 2012లో మొదలుపెట్టిన ఎడెక్స్ లెక్కలను జస్టిన్ రీచ్, ఆయన సహచరుడు 2019లో సైన్స్ పత్రికలో బయటపెట్టారు. 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తి చేసింది 3.13 శాతం. సర్టిఫికెట్టు కోసం డబ్బు కట్టినవాళ్లను విడిగా లెక్కిస్తే 46 శాతం. డబ్బు కడితే పట్టుదల వస్తుందని దీన్నుంచి తేల్చేవాళ్లున్నారు. నాకు అంత సులువుగా ఒప్పుకోబుద్ధి కాలేదు. పట్టుదల ఉన్నవాళ్లే డబ్బు కట్టి ఉండొచ్చు కదా? పైగా డబ్బు కట్టినవాళ్లలోనూ సగానికి పైగా ఆగిపోయారు కదా? ఆ ఆగిపోయినవాళ్లంతా సోమరులని నేననుకోను. పగలంతా పని చేసి, రాత్రి గిన్నెలు సర్ది, పదింటికి లాప్‌టాప్ తెరిచి అయిదు నిమిషాలకే కళ్లు మూతపడిన ఎంతమందో అందులో ఉంటారు.

రెండింతల వేగం సంగతి కూడా వెతికి చదివాను. అంత వేగంగా వింటే బుర్రకెక్కదని గట్టిగా అనుకుంటూ ఉండేదాన్ని. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవాళ్లు 2021లో పరీక్షించి చూస్తే, రెండింతల దాకా వేగం పెంచినా అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా రాలేదు; ఆపైన పెంచితేనే తగ్గింది. అంటే బస్సులో అమ్మాయి వేగం తప్పు కాదు. మరి తక్కువైంది ఏమిటి? దానికి 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం నాకు జవాబులా తోచింది. కొందరు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది మూడుసార్లు రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారు: చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61 శాతం. వీడియో ముగిసిన క్షణాన మనకు కలిగే 'ఆ, అర్థమైంది' అన్న తృప్తి ఆ అయిదు నిమిషాల తృప్తే. వారం గడిచాక ఆఫీసులో నిజంగా పని పడినప్పుడు చెయ్యి ఆడదు.

ఇన్ని చదువుతూ, ఎక్కడెక్కడో వెతుకుతూ ఉంటే, మా పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర ఉన్నదాన్ని ఇన్నాళ్లూ ఈ ప్రశ్నతో జోడించి చూడలేదనిపించింది. ఋషివ్యాలీ అంటే చాలామందికి జిడ్డు కృష్ణమూర్తి గారి స్కూలే తెలుసు. దాని చుట్టుపక్కల పల్లెల్లో రమ, పద్మనాభరావు దంపతులు 1980ల నుంచి నడిపిన చిన్న బడుల సంగతి తక్కువమందికి తెలుసు. ఒకే గది, ఒకరే టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతుల పిల్లలు. అక్కడ పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులు చేశారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు. గోడ మీద నిచ్చెన. తాను ఏ మెట్టు మీద ఉందో పిల్ల తనే చూసుకుని, ఆ కార్డు తనే తీసుకుని పోయి కూర్చుంటుంది. బంధువుల్లో టీచరైన ఒకామెతో పోయి నేను ఒకసారి చూశాను. బడి అంటే నాకు తెలిసిన గోల లేదు, నిశ్శబ్దమూ లేదు. పని జరిగే చోట ఉండే సందడి ఉంది. చెనిక్కాయలు పెరికే రోజుల్లో పిల్ల పది దినాలు చేనికి పోతే, తిరిగి వచ్చినాక 'క్లాసు ముందుకెళ్లిపోయింది' అనే మాటే లేదు. ఆపిన కార్డు అక్కడే ఉంటుంది. అది ఎత్తుకుంటుంది, అంతే.

నన్ను ఇంకా లోతుగా తాకింది వాళ్లు కూర్చునే తీరు. పిల్లలు నాలుగు గుంపులు. కొత్త విషయం మొదలుపెట్టేవాళ్లు టీచరు పక్కనే. కొంచెం పట్టు దొరికినవాళ్లు టీచరు అప్పుడప్పుడు వచ్చి చూసేంత దూరంలో. మూడో గుంపులో తోటిపిల్లలే ఒకరికొకరు సాయం. నాలుగో గుంపులో ఎవరిది వాళ్లే, ఒంటరిగా అభ్యాసం. ఒక పిల్ల ఏ గుంపులోనూ ఎల్లకాలం ఉండదు. కార్డును బట్టి లేచి ఇంకో గుంపుకు పోతుంది. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతినే తీసుకుని మలుచుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటా పాకింది. తోటివాళ్లతో నేర్చుకోవడం మాత్రం ఈ సీమకు ఇంకా పాతది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో, వీధిబళ్లలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని మెచ్చుకుంటూ రాశాడు.

ఋషివ్యాలీ పక్కని ఆ బడి గదిలో కూర్చుని ఉండగానే మా విభాగం పిల్లలు నన్ను అడిగే ప్రశ్న తప్పు ప్రశ్నేమో అనిపించింది. రికార్డు కోర్సా, లైవ్ క్లాసా, వీకెండ్ బ్యాచా అని అడుగుతున్నాం. ఒకే మనిషికి వేరువేరు రోజుల్లో ఆ నాలుగు గుంపులూ కావాలి. డాకర్ అంటే ఏమిటో తెలియని రోజున ఎదురుగా నిలబడి చెప్పే మనిషి కావాలి. నెల గడిచాక ఆ మనిషి రోజూ అక్కర్లేదు. ఆదేశాలు వేళ్లకు అలవాటు కావడానికి ఒంటరి గంటలు కావాలి. మధ్యలో, అన్నిటికంటే ఎక్కువ కాలం, మనలాగే తడుముకునే ఒకరిద్దరు పక్కన కావాలి. మార్కెట్లో అమ్మేది మొదటి గుంపునూ నాలుగో గుంపునూ. మధ్య రెండింటినీ ఎవరూ అమ్మరు, బహుశా అవి అమ్మకానికి పెట్టగలిగేవి కావు కాబట్టి.

ఉన్నవాటిలో మధ్యస్థంగా నాకు నచ్చినవి లేకపోలేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ అట్లాంటిది. పాఠాలు ఉచితం, పరీక్ష రాయదలిస్తేనే ఫీజు. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు. వారం వారం అసైన్‌మెంటు, దానికో గడువు. చివర పరీక్షా కేంద్రానికి పోయి రాయాలి. గడువు ఉండటం నిద్రమత్తును వదిలిస్తుంది. కానీ మా ఆఫీసులో నెలాఖరు లెక్కలు ముగించే వారమే ఆ గడువు పడితే? చెనిక్కాయల పిల్లకు దొరికిన వెసులుబాటు జీతాల సాఫ్ట్‌వేర్ చూసే మనిషికి దొరకదు. సర్టిఫికెట్ల విషయంలోనూ తేడాలు చూడాలి. చాలా పరీక్షల్లో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తిస్తే సరిపోతుంది. కుబెర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష అట్లా కాదు. రెండు గంటలు టెర్మినల్ ముందు కూర్చుని నిజంగా పని చేసి చూపాలి, 66 శాతం రావాలి. చెయ్యిని అడిగే పరీక్ష పెట్టుకున్నవాళ్ల చదువు తీరే వేరుగా ఉండటం నేను దగ్గరుండి చూశాను. వాళ్లు వీడియో ఆపి ఆపి చూస్తారు.

అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా చెప్పే ఏఐ ఉండగా మనుషులెందుకని కొందరు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసెయ్యలేను. సందేహం తీర్చడంలో దానంత ఓపిక ఏ మాస్టారుకూ ఉండదు. పెద్ద సాయమే అది. కానీ నేను వారం రోజులు రాకపోతే అది ఏమైందని అడగదు. నాకు అసలు సందేహమే రాని చోట, అదీ నేను పొరబడుతున్న చోట, నా మొహం చూసి ఆపదు. తిరుపతి బైరాగిపట్టెడలో మా స్నేహితురాలి మిద్దెమీది గదిలో కొంతకాలంగా ఆదివారం పొద్దున్నే కొందరం కూర్చుంటున్నాం. బస్సులో అమ్మాయి కూడా వస్తుంది. ఒక రోజు ఆమె డాకర్ కంటెయినరులో పెట్టిన ప్రోగ్రాం, తన లాప్‌టాప్‌లోనే ఉన్న డేటాబేస్‌ను అందుకోలేకపోయింది. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని ఒకటే మొర. అడ్రసు లోకల్‌హోస్ట్, అంటే 'ఇదే మెషీను', అనే ఇచ్చింది. అందరం తలలు దగ్గర పెట్టి చూశాం. చివరికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాడు, "ఎవరికి లోకల్‌హోస్ట్ మ్మా అది? కంటెయినరు లోపలికి పోయినాక లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే గదా, నీ లాప్‌టాప్ కాదు గదా" అన్నాడు. ఆ అమ్మాయి ఒక నిమిషం ఊరుకుని, "ఇది నేను వీడియోలో చూసినాక్కా, ఈ మాటే చెప్పినాడాయన" అంది. చూసింది, విన్నది, అర్థమైందనీ అనుకుంది. ఆమెకు అది వచ్చింది మాత్రం ఆ మిద్దె మీదే. మరుసటి వారం కొత్తగా వచ్చిన ఒకావిడకు ఆమే బొమ్మ గీసి చెప్పింది.

ఆదివారం పొద్దున అందరికీ వీలు కాదని నాకు తెలుసు. ఆడవాళ్లకు మరీను. రాత్రి ఎనిమిదికి లైవ్ క్లాసు అని సుఖంగా ప్రకటించేవాళ్లకు, ఎనిమిదికి మన ఇళ్లలో వంటగది ఎట్లా ఉంటుందో తెలియదా? కెమెరా ఆపి, ఫోను పోపులపెట్టె పక్కన పెట్టి వింటారు. అది లైవ్ క్లాసు కాదు, రేడియో. కాబట్టి ఎవరైనా అడిగితే నేనిప్పుడు ముందు ఈ సంగతే అడుగుతాను: వారంలో నీది అని నువ్వు గట్టిగా చెప్పగలిగే గంటలు ఏవి? అవి తేలకుండా కోర్సుకు డబ్బు కట్టొద్దు, ముఖ్యంగా ఈఎంఐలో కట్టొద్దు. కోర్సు వదిలేసినా వాయిదాలు వదలవు. తర్వాత రెండో ప్రశ్న: నువ్వు రాసిన కోడును చదివేది ఎవరు? పేరు చెప్పలేకపోతే ఆ కోర్సు ఎంత గొప్పదైనా నీకు సగమే. మిగతా సగం నువ్వు మనుషుల్లో వెతుక్కోవాలి. వీడియోలు చూడు, రెండింతల వేగంతోనే చూడు, తప్పులేదు. వారంలో ఒకసారి మాత్రం ఇంకొకరి ఎదుట లాప్‌టాప్ తెరువు.

కంపెనీలకూ ఒక మాట చెప్పాలి. రేణిగుంట దగ్గరైనా శ్రీసిటీలోనైనా, ఉద్యోగులకు ఆన్‌లైన్ కోర్సుల లాగిన్లు కొనిచ్చి, ఎన్ని గంటలు చూశారో లెక్క తీసే అలవాటు పెరుగుతోంది. నేర్చుకునేది కంపెనీ పని కోసమే అయినప్పుడు ఆ సమయాన్ని ఉద్యోగి నిద్రలోంచి, ఆమె పిల్లల ఆదివారంలోంచి తీసుకోవడం న్యాయం కాదు. లాగిన్ల ఖర్చులో కొంత తగ్గించుకుని పనిగంటల్లో చోటివ్వాలి. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు, ఒక గది, కోడు చదివి చెప్పే సీనియరు ఒకరు: మా విభాగం యాజమాన్యానికి రాసిచ్చింది ఇంతే. మీ ఆఫీసులోనూ రాసివ్వండి.